మన లైను మనమే కడదాం: నెల్లూరు–ఒంగోలు మోడల్ రైలు, మనం రైళ్ళు చూసే చోట్లు

వేదాయపాళెం_లూప్ | నెల్లూరు

అందరికీ నమస్తే. సంక్రాంతి బొమ్మల కొలువులో ఈసారి రైలు పెట్టాలని మా అమ్మాయి పట్టుబట్టింది. గుండ్రంగా పట్టాలేసి బొమ్మ ఇంజన్ తిప్పడం పెద్ద పనేం కాదు. తను అడిగింది వేరే. "మన పెన్నా బ్రిడ్జి పెడదాం నాన్నా, దాని మీద పినాకిని ఎక్స్‌ప్రెస్ పోవాలి" అంది. అప్పట్నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఇక్కడ మనమంతా కలిసి రైళ్ళు చూస్తున్నాం, ఫోటోలు పంచుకుంటున్నాం. మోడళ్ళు చేసేటప్పుడు మాత్రం ఎవరింట్లో వాళ్ళం, ఎవరి మూల వాళ్ళది. నా ఆలోచన ఏందంటే, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న లైనులో ఒక్కొక్కరం ఒక్కో చోటు తీసుకుని, ఒకే కొలతల పలక మీద కడదాం. పండక్కి అన్నీ తెచ్చి వరసగా పెట్టి బోల్టులు బిగిస్తే, పెన్నా దాటి పడుగుపాడు మీదుగా బయల్దేరిన రైలు ఉలవపాడు మామిడి తోటలు చూసుకుంటా ఒంగోలు చేరాలి.

ఒక్క షరతు. ఎవరు ఏ చోటు కడతారో, ఆ చోట తీరిగ్గా నిలబడి రైళ్ళు చూసినవాళ్ళై ఉండాలి. ఫోటో చూసి కట్టిన స్టేషన్ ఏ ఊరిదైనా కావచ్చు. గూడ్సును ఏ లైన్లో నిలబెడతారో, మధ్యాహ్నం ప్లాట్‌ఫారం ఏ చివర నీడ ఉంటుందో, పెట్టె ఆగంగానే జనం ఎటు పరిగెత్తుతారో అక్కడ నిలబడ్డ మనిషికే తెలుస్తుంది.

పెన్నా బ్రిడ్జి నాది. ఏ స్కేలు, ఏ కాలం, కరెంటు ఎట్టా అనేవి ఇక్కడే తేల్చుకుందాం.

బిట్రగుంట_రౌండ్‌హౌస్ | బిట్రగుంట

అబ్బాయ్, బిట్రగుంట నాకు వదిలెయ్. మా నాన్న ఇక్కడ స్టీమ్ షెడ్డులో ఫైర్‌మన్. నేను పుట్టింది రైల్వే కాలనీ క్వార్టర్లోనే. ఇప్పటి పిల్లలకు బిట్రగుంట అంటే చెన్నై పోయే బండి బయల్దేరే ఊరు. అప్పట్లో ఇది ఇంజన్ల ఊరు. రౌండ్‌హౌస్ చూసినవాడు మర్చిపోడు: మధ్యలో టర్న్‌టేబుల్, దాని చుట్టూ విసనకర్ర రేకుల్లాగా ఇంజన్ల గదులు. బండి వదిలిన ఇంజన్ షెడ్డుకు రావడం, బూడిద దించుకోవడం, బొగ్గూ నీళ్ళూ ఇసకా నింపుకోవడం, టర్న్‌టేబుల్ ఎక్కి ముఖం తిప్పుకోవడం. ఇసకెందుకంటే, తడి పట్టా మీద చక్రం జారకుండా ముందు చల్లడానికి.

డబ్ల్యూపీ ఇంజన్ బుల్లెట్ ముక్కుతో ప్యాసింజరు బళ్ళకు, డబ్ల్యూజీ గూడ్సుకు. చీకట్లో కూత వినంగానే మా నాన్న ఏ తరగతి ఇంజనో చెప్పేవాడు.

1980 నాటికి మద్రాసు–విజయవాడ లైను కరెంటు కిందికి వచ్చింది. ఆ తర్వాత ఊరి సందడి తగ్గింది. కాబట్టి నా మాట, మనం కట్టేది ఆ వెనకటి కాలంగా ఉండాలి. స్తంభాలు, తీగలు లేని లైను.

సింగరాయకొండ_సిగ్నల్ | సింగరాయకొండ

బాబాయ్, కాలం సంగతికి ఒక ఉపాయం ఉంది, కింద చెప్తా. ముందు స్కేలు తేల్చాలి.

హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు. ఎన్ అంటే 160వ వంతు. నెల్లూరు నుంచి ఒంగోలు 117 కిలోమీటర్లు. దాన్ని యథాతథంగా హెచ్‌ఓలో కడితే 1,345 మీటర్లు, అంటే వేదాయపాళెం అన్న ఇంటి నుంచి మొదలుపెడితే రెండు వీధులు దాటి పోవాలి. ఎన్‌లో కట్టినా 731 మీటర్లు. కాబట్టి ఏ స్కేలైనా కుదించక తప్పదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే అసలు పని, వేదాయపాళెం అన్న పెట్టిన షరతు అక్కడే అక్కరకొస్తుంది.

ఇక బండి పొడవు. ఇప్పటి కొత్తరకం ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.5 మీటర్లు, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. 24 పెట్టెల తమిళనాడు ఎక్స్‌ప్రెస్ కట్టాలంటే ఇంజనుతో కలిపి 6.7 మీటర్లు. హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక్క బండే సరిపోతుంది. ఎన్‌లో అయితే మూడున్నర మీటర్లకు పైన. అందుకే నా ఓటు ఎన్‌కి.

కొత్తపట్నం_రోడ్డు | ఒంగోలు

నేను ఒప్పుకోను తమ్ముడూ. ఎన్‌లో మనిషి బొమ్మ ఒక సెంటీమీటరు ఉంటుంది. చీర కట్టిన ఆమె ఎవరో, లుంగీ కట్టిన ఆయన ఎవరో తెలీదు. హెచ్‌ఓలో రెండు సెంటీమీటర్లకు దగ్గర. తలమీద మామిడిపండ్ల గంప పెట్టుకుని ఉలవపాడు ప్లాట్‌ఫారం మీద నడిచే మనిషిని అప్పుడు చెయ్యగలను. మనుషులు లేని స్టేషను నాకొద్దు.

పైగా మన దేశపు ఇంజన్లు, పెట్టెలు హెచ్‌ఓలో దొరికినన్ని ఎన్‌లో దొరకవు. ఎన్‌లో కావాలంటే జపాన్ ఇంజన్ అడుగుభాగం కొని, పైన త్రీడీ ప్రింటు తొడుగు వెయ్యాలి.

> 24 పెట్టెల తమిళనాడు ఎక్స్‌ప్రెస్ కట్టాలంటే 6.7 మీటర్లు

అన్ని పెట్టెలూ ఎందుకు? విజయవాడ–చెన్నై వందే భారత్ 2023 సెప్టెంబరులో మొదలైనప్పుడు 8 పెట్టెలే. ఒంగోల్లోనూ నెల్లూర్లోనూ ఆగుతుంది. ఒక్క పెట్టె కూడా తగ్గించకుండా ఉన్నదున్నట్టు కట్టినా లెక్క వేసి చూడు.

సింగరాయకొండ_సిగ్నల్ | సింగరాయకొండ

అక్కా, లెక్క వేశా. 8 పెట్టెలు దాదాపు 192 మీటర్లు, హెచ్‌ఓలో 2.2 మీటర్లు. నా ఓటు మార్చుకుంటున్నా. హెచ్‌ఓ.

టంగుటూరు_బేరన్ | టంగుటూరు

టంగుటూరు నాకు రాసుకోండి. పట్టాల పక్కన పొగాకు ఆరబెట్టే బేరన్లు పెడతా. ఇటుకతో నిలువుగా కట్టిన గది, పైన రేకుల కప్పు, కింద పొయ్యి. చిన్నప్పుడు మా తాత బేరను అరుగు మీద కూర్చుని బళ్ళు లెక్కపెట్టేవాణ్ణి.

దొనకొండ_మీటర్‌గేజ్ | దొనకొండ

మీరంతా సముద్రం వైపు వాళ్ళు. పాత ప్రకాశం జిల్లాకు పడమటి సగం కూడా ఉందని గుర్తు చెయ్యడానికే వచ్చా.

గుంటూరు–గుంతకల్లు లైను మాది. కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, ఆ పైన దిగువమెట్ట దాటితే నల్లమల. 1990ల దాకా ఇది మీటర్ గేజు, అంటే రెండు పట్టాల మధ్య ఎడం ఒక మీటరు. దొనకొండలో స్టీమ్ షెడ్డు ఉండేది, వైపీ, వైజీ ఇంజన్లు. పేర్లోని మొదటి అక్షరమే గేజు చెప్తుంది: డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజు, వై అంటే మీటర్ గేజు. తర్వాతి అక్షరం పీ అయితే ప్యాసింజరు, జీ అయితే గూడ్సు.

మోడల్ చేసేవాళ్ళకు మా లైనులో ఒక సుఖం ఉంది. మీటరును 87తో భాగిస్తే 11.5 మిల్లీమీటర్లు. బజార్లో దొరికే 12 మిల్లీమీటర్ల పట్టాకు అది ఇంచుమించు సరిపోతుంది. మీ బ్రాడ్ గేజు 1,676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 19 మిల్లీమీటర్ల పైన రావాలి. దొరికే పట్టా 16.5, అది విదేశీ స్టాండర్డ్ గేజుకు చేసింది. అంటే మీ రైళ్ళు కాస్త ఇరుకు కాళ్ళ మీద నిలబడతాయి.

మీ లైనుకు మా పలక కలవదు, గేజు వేరు, దారి వేరు. విడిగా బల్ల వేసి పెట్టుకుంటా. వెనక తెర మీద కంభం చెరువు గీస్తా. ఒప్పుకుంటే చాలు.

వేదాయపాళెం_లూప్ | నెల్లూరు

ఒప్పుకోవడం ఏంది అన్నా, కొలువులో పక్క మెట్టు మీదే. నల్లమల్లోకి దూరే బండి లేకుండా పాత ప్రకాశం జిల్లా ఏంది?

గేజు మాట నిజమే. 19 మిల్లీమీటర్ల పట్టా చేత్తో వేసుకోవచ్చు గానీ, ఇంజన్ల ఇరుసులన్నీ మార్చాలి. ఈసారికి 16.5 తోనే పోదాం. స్లీపర్లు మాత్రం మన కొలతలో చేసుకుందాం. కాంక్రీటు స్లీపరు పొడవు 2.75 మీటర్లు, హెచ్‌ఓలో 31.6 మిల్లీమీటర్లు. కిలోమీటరుకు 1,660 లెక్కన వేస్తారు కాబట్టి ఒకదాన్నుంచి ఒకటి దాదాపు 7 మిల్లీమీటర్లు. వెడల్పు స్లీపరు పడితే లైను మనదేనని చూడంగానే తెలుస్తుంది.

కావలి_ఇంటర్ | కావలి

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ చదువుతున్నా. ఇంజన్లు, పట్టాలు కొనే స్తోమత ఇప్పుడు నాకు లేదు. కావలి స్టేషన్ మాత్రం నాకు బాగా తెలుసు, సాయంత్రాలు అక్కడే ఉంటా. డబ్బు లేకుండా దీంట్లో చేరొచ్చా? ఇంకొకటి, నేను ఏమేం రాసుకోవాలి? ఇప్పటిదాకా బండి పేరు, టైము రాసుకుంటున్నా, అంతే.

కొత్తపట్నం_రోడ్డు | ఒంగోలు

తమ్ముడూ, చేరొచ్చు. నేను మొదలుపెట్టింది పాత పెళ్ళిపత్రికల అట్టతోనే. పెట్టె పక్కభాగం కొలతకు గీసి, కిటికీలు బ్లేడుతో కోసి, లోపల పారదర్శకపు షీటు అంటించి, వంచితే పెట్టె అయిపోతుంది. కదలకపోయినా లూపులో, అంటే మెయిను లైను పక్కన బళ్ళు ఆగే లైన్లో, నిలబడ్డ బండికి అది చాలు.

పలక మీద దృశ్యానికి కొనాల్సింది ఫెవికాల్, సన్‌బోర్డు, కొన్ని రంగులు. మిగతావి చుట్టుపక్కల ఉన్నవే. పట్టాల కింద కంకర అసల్లో 5 సెంటీమీటర్ల రాయి, హెచ్‌ఓలో అర మిల్లీమీటరు దాటి ఉండాలి. చీమకుర్తి దోవలో క్రషర్ డస్టు దొరుకుతుంది, టీ వడపోతతో రెండుసార్లు జల్లెడ పట్టు. పొడిగా చల్లి బ్రష్షుతో సర్దు. గిన్నెలు కడిగే ద్రవం ఒక చుక్క కలిపిన నీళ్ళు చిలకరించు, లేకపోతే జిగురు ఇంకదు. తర్వాత సగానికి సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను ఇంకు ఫిల్లరుతో వదులు. రాత్రంతా కదిలించొద్దు. పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పట్టాలు, కదిలే చోట మాత్రం జిగురు తగలనివ్వొద్దు.

నేల రంగుకు రంగు కొనొద్దు, ఏ ఊరి పలకకు ఆ ఊరి మట్టే జల్లించి వాడదాం. ఒంగోలు పలకకు నల్లరేగడి వేస్తున్నా. సరుగుడు చెట్లకు గోనెసంచి పీచు సన్న తీగ మధ్య మెలిపెట్టి ఆకుపచ్చ రంగులో ముంచు. వరికి పాత కొబ్బరిపీచు కాలిపట్టా కత్తిరించి నాటు. తాటిచెట్టు ఒక్కటే నన్ను ఏడిపిస్తుంది, ఆకు మడత సరిగా రాదు. కాయితాన్ని సన్నగా మడిచి, మడత మడతకూ కొన కత్తిరించి, గుండ్రంగా విప్పితే కొంత దగ్గరకొచ్చింది. ఎవరికైనా ఇంతకన్నా మంచి పద్ధతి తెలిస్తే చెప్పండి.

వెంకటాచలం_జంక్షన్ | వెంకటాచలం

కావలి తమ్ముడికి, ఏమేం రాసుకోవాలంటే:

ఇంజన్ మీద అయిదంకెల నంబరు ఉంటుంది. 22తో మొదలైతే డబ్ల్యూఏపీ-4, 30తో అయితే డబ్ల్యూఏపీ-7, 31 అయితే గూడ్సుకు కట్టే డబ్ల్యూఏజీ-9, 60 అయితే రెండు భాగాల డబ్ల్యూఏజీ-12. పక్కనే షెడ్డు పేరు ఉంటుంది: లాలాగూడ, విజయవాడ, రాయపురం, ఈరోడ్. ఏ షెడ్డు ఇంజన్ ఏ బండికి వస్తుందో కొన్ని నెలలు రాస్తే నీకే ఒక క్రమం కనపడుతుంది. పెట్టెల వరస రాయి. చివరి పెట్టె వెనక 'ఎక్స్' గుర్తు చూడు, బండి మొత్తం వచ్చింది, మధ్యలో తెగిపోలేదు అని స్టేషను వాళ్ళు నిర్ధారించుకునేది దాంతోనే.

కళ్ళు మూసుకుని కూడా విను. డబ్ల్యూఏపీ-4 బయల్దేరేటప్పుడు మెట్టు మెట్టుగా ఊపందుకుంటుంది, లోపల ఓల్టేజీ పెంచే ట్యాప్ ఛేంజరు ఒక్కో అంకె ఎక్కుతుంది. డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 లాంటి త్రీఫేజ్ ఇంజన్లలో పాతవి రాగం తీసినట్టు స్వరం మార్చుకుంటా కదుల్తాయి, కొత్తవాటిలో ఆ రాగం తగ్గిపోయింది. బిట్రగుంట బాబాయ్ వాళ్ళ నాన్నగారికి ఉన్న చెవి మనకూ రావాలంటే ఇట్టా విని విని రావాల్సిందే.

ఇక నా సంగతి. నాకు ఎక్స్‌ప్రెస్‌ల కన్నా గూడ్సు బళ్ళంటే ప్రాణం. కృష్ణపట్నం పోర్టు బొగ్గు, ఆయిలు ట్యాంకర్లు అన్నీ మా ఊరి మీదుగానే.  ఇక్కడి నుంచి ఓబులవారిపల్లె దాకా 113 కిలోమీటర్ల కొత్త లైను పడింది. దాంట్లో చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య వెలిగొండను తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు ప్రారంభించినప్పుడు, దేశంలో కరెంటు రైళ్ళు నడిచే సొరంగాల్లో అదే పొడవైంది. హెచ్‌ఓలో అది 76 మీటర్లు! నేను ఒక ముఖద్వారం, దాని మీద కొండ కడతా. బండి దాంట్లో దూరి బల్ల వెనక్కి పోతుంది, అక్కడ నాలుగు లైన్ల దాపుడు యార్డు పెడతా. బళ్ళు మార్చుకోవడానికి అందరికీ పనికొస్తుంది.

వేదికనిర్వహణ | మోడరేటర్

పిల్లలు చేరుతున్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి.

ఈ సెక్షన్లో 2022 నుంచి 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. అంటే సెకనుకు 36 మీటర్లు. కరెంటు ఇంజన్ శబ్దం ముందుగా వినపడదు. వినపడ్డాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ప్లాట్‌ఫారం టికెట్టు 10 రూపాయలు, తప్పకుండా తీసుకోండి. పసుపు గీత వెనక నిలబడండి. ఆగకుండా పోయే బండి వచ్చేటప్పుడు ఇంకా వెనక్కి, పిల్లల చెయ్యి పట్టుకుని. పట్టాల మీదికి, యార్డుల్లోకి, వంతెనల మీదికి పోవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. పైన తీగలో 25 వేల ఓల్టులు. సెల్ఫీ కర్ర, గొడుగు, గాలిపటం ఏవీ దాని దగ్గరికి పోకూడదు. ఆగి ఉన్న గూడ్సు పైకి ఎక్కడం అసలే వద్దు, తీగను తాకకపోయినా కరెంటు లాగేస్తుంది.

ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు ఏం చేస్తున్నారని అడిగితే పుస్తకం చూపించి మర్యాదగా చెప్పండి. ఫోటో తీయొద్దంటే ఆపేయండి.

ట్రాక్ మీద నిలబడి తీసిన ఫోటోలు ఎంత బాగున్నా ఇక్కడ ఉంచం.

వేదాయపాళెం_లూప్ | నెల్లూరు

నూటికి నూరుపాళ్ళు. మా అమ్మాయికి పెన్నా మీద బండి చూపించేది రోడ్డు వంతెన మీంచే. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో సాయంత్రం పూట బండి నీడ నీళ్ళలో పరిగెత్తుతుంది. ఆ నీడ కోసమే పలక మీద నీళ్ళు రెసిన్‌తో పోయాలనుకుంటున్నా.

దొనకొండ_మీటర్‌గేజ్ | దొనకొండ

నల్లమల వైపు కూడా అంతే. దిగువమెట్ట దాటాక అడవి, పులులున్న చోటు. ఫోటోల కోసం కాలినడకన పోకండి. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, పగటి బండికి రండి. ఎక్కే దారిలో ఇంజన్ గొంతు మారడం కూర్చున్న చోటే వినొచ్చు.

బిట్రగుంట_రౌండ్‌హౌస్ | బిట్రగుంట

సింగరాయకొండ అబ్బాయ్, కాలం సంగతికి ఉపాయం ఉందన్నావు. చెప్పనే లేదు.

సింగరాయకొండ_సిగ్నల్ | సింగరాయకొండ

బాబాయ్, స్తంభాలు పలకకు అంటించొద్దు. స్తంభం నిలబడే ప్రతి చోటా సన్న ఇత్తడి గొట్టం పాతుదాం, స్తంభాన్ని దాంట్లో గుచ్చుదాం. అసల్లో స్తంభానికీ స్తంభానికీ 60 మీటర్ల లెక్క వేసుకుంటే హెచ్‌ఓలో 69 సెంటీమీటర్లు. పలకకు రెండే వస్తాయి. తీగ ఎత్తు పట్టా మీంచి 64 మిల్లీమీటర్లు, దాన్ని ఉత్తుత్తిగా సన్న సాగే దారంతో కడదాం, కరెంటు మాత్రం పట్టాల్లోంచే.

స్తంభాలు గుచ్చి వందే భారత్ తిప్పితే ఇవ్వాళ్టి లైను. స్తంభాలు పీకేసి, గొట్టాల మీద కంకర కప్పి, మీ డబ్ల్యూపీ తిప్పితే 1970లు. అదే పెన్నా, అదే మామిడి తోటలు. కొలువు ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ పొద్దున మీ కాలం, సాయంత్రం మా కాలం.

బిట్రగుంట_రౌండ్‌హౌస్ | బిట్రగుంట

బంగారం లాంటి మాట చెప్పావు నాయనా. రౌండ్‌హౌస్ పని రేపే మొదలుపెడతా. డబ్ల్యూపీ, వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరుతో కలిపి 24 మీటర్లకు దగ్గర, కాబట్టి టర్న్‌టేబుల్ 30 సెంటీమీటర్లు పెట్టుకుంటా. పిల్లలు చేత్తో తిప్పేటట్టు కింద పిడి పెడతా. మోటారు వద్దు. ఇంజన్ తిప్పితే ఎట్టా ఉంటుందో వాళ్ళ చేతికి తెలియాలి.

వేదాయపాళెం_లూప్ | నెల్లూరు

ఇప్పటిదాకా తేలినవి రాస్తున్నా, అభ్యంతరం ఉంటే చెప్పండి.

పలక 1,200 మిల్లీమీటర్ల పొడవు, 450 వెడల్పు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. నేల నుంచి 900 ఎత్తు, అయిదేళ్ళ పిల్లలు కూడా చూడగలగాలి. రెండు లైన్లు. మూడో లైను సంగతి అందరికీ తెలుసు, వెడల్పు చాలదు కాబట్టి పక్కన కట్ట పోసి వదిలేద్దాం. లైనుకూ లైనుకూ మధ్య 60 మిల్లీమీటర్లు, అసలు 5.3 మీటర్ల ఎడానికి అది సరిపోతుంది. ప్లాట్‌ఫారం ఎత్తు పట్టా మీంచి తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. పలకల అంచున రెండేసి బోల్టులు, రంధ్రాలు ఒకే అచ్చుతో. ఆ అచ్చు నేను చేసి అందరికీ పంపిస్తా.

వేగం గురించి నాదొక కోరిక. మోడల్ రైళ్ళను అందరూ తూటాల్లాగా పరిగెత్తిస్తారు. 130 కిలోమీటర్లను 87తో భాగిస్తే సెకనుకు 41 సెంటీమీటర్లే. అంటే వందే భారత్ కూడా ఒక పలక దాటడానికి దాదాపు మూడు సెకన్లు తీసుకోవాలి. ప్యాసింజరయితే ఇంకా నిదానం.

సింగరాయకొండ_సిగ్నల్ | సింగరాయకొండ

కరెంటు గురించి. ఒకే లైను మీద రెండు బళ్ళు విడివిడిగా నడవాలంటే డీసీసీ అనే డిజిటల్ పద్ధతి మేలు, ప్రతి ఇంజనుకూ దాని నంబరు, దాని ఆజ్ఞ. అయితే ప్రతి ఇంజన్లో ఆ ఆజ్ఞ అందుకునే డీకోడరు పెట్టాలి, అందరికీ ఇప్పుడే కుదరదు. మొదటి ఏడు మామూలు 12 ఓల్టుల డీసీతో పోదాం. లూపు ఉన్న చోట ఒక పట్టాను రెండు వైపులా కోసి, స్విచ్చు ద్వారా మాత్రమే కరెంటు ఇస్తే, స్విచ్చు ఆపినప్పుడు లూపులో బండి నిలబడుతుంది, మెయిను మీద బండి పోతుంది.

సిగ్నళ్ళు అన్ని స్టేషన్లకూ నేనే చేస్తా. ఎరుపు, పసుపు, రెండు పసుపులు, ఆకుపచ్చ. స్టేషన్లోకి బండిని రానిచ్చే హోమ్ సిగ్నలు పైన లూపుకు మళ్ళేటప్పుడు వెలిగే అయిదు తెల్ల దీపాల వరస కూడా. ఆ వరస వెలిగిందంటే బండి పక్కకు మళ్ళుతుందని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి ముందే తెలిసిపోతుంది, ఆ ముచ్చట మోడల్లో కూడా ఉండాలి.

కావలి_ఇంటర్ | కావలి

నేను కట్టబోయేది ఖాయం చేసుకున్నా. కావలి లూపులో బొగ్గు గూడ్సు నిలబడి ఉంటుంది, మెయిను మీద వందే భారత్ దాటిపోతుంది, దాటాక గూడ్సుకు సిగ్నలు వస్తుంది. సాయంత్రాలు నేను చూసేది అదే. గూడ్సు డ్రైవరు కిటికీలో మోచెయ్యి పెట్టుకుని ఎదురుచూడడం కూడా చెయ్యాలని ఉంది. పుస్తకంలో లూపు, పాయింట్లు, ఫుట్ ఓవర్ బ్రిడ్జి గీసుకున్నా. గూడ్సు వ్యాగన్లు అట్టతో చేస్తా. ఒక్క పలకలో పడుతుందా?

వెంకటాచలం_జంక్షన్ | వెంకటాచలం

ఒక్క దాంట్లో పట్టదు తమ్ముడూ. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగను 10.7 మీటర్లు, హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు. అసల్లో 58 దాకా ఉంటాయి, నువ్వు 15 పెట్టు. అవి 1.85 మీటర్లు, డబ్ల్యూఏజీ-9 ఇంజను 24 సెంటీమీటర్లు, వెనక బ్రేక్ వ్యాను 17. అన్నీ కలిపి రెండుంపావు మీటర్లు. ఎనిమిది పెట్టెల వందే భారత్ కూడా ఇంచుమించు అంతే, పక్కపక్కన చక్కగా కుదురుతాయి. లూపుకు రెండు పలకలు, అటూ ఇటూ పాయింట్లకు ఇంకో పలకన్నా కావాలి. మూడు లెక్క వేసుకో.

వ్యాగన్లు అట్టతో చేసినా లోపల బరువు పెట్టు, లేకపోతే పట్టా దిగుతాయి. చక్రాలు నా దగ్గర మిగిలినవి ఉన్నాయి, పంపిస్తా. బొగ్గు నిజమైన బొగ్గే దంచి పొయ్యి.

టంగుటూరు_బేరన్ | టంగుటూరు

మూడు పలకలూ ఆ పిల్లాడి మీద పడకూడదు. నా టంగుటూరు ఒక్క పలకే, చేతిలో పని తక్కువ. కావలి పలకల చెక్కపని మొత్తం నేను చేసి, పట్టా పరిచి, ఒంగోలు నుంచి ప్యాసింజర్లో తెచ్చి ఇస్తా. నువ్వు కొలతలు రాసి పెట్టు తమ్ముడూ, దృశ్యం నువ్వు చేసుకో.

బిట్రగుంట_రౌండ్‌హౌస్ | బిట్రగుంట

కావలి అబ్బాయికి ఒక్క మాట. లూపు, మెయిను కలిసే చోట రెండు పట్టాల మధ్య నేల మీద చిన్న రాయి పాతి ఉంటుంది, తెల్లరంగు వేసి. దాన్ని ఫౌలింగ్ మార్క్ అంటారు. గూడ్సు ఇంజన్ ముక్కు గానీ బ్రేక్ వ్యాను తోక గానీ ఆ రాయి దాటి ఉంటే, మెయిను మీద పోయే బండి దానికి రాసుకుంటుంది. నీ పలక మీద ఆ రాయి ఎక్కడ పెట్టాలో కొలిచి తెలుసుకోలేవు. వందే భారత్ పెట్టెను మెయిను మీద, గూడ్సు వ్యాగన్ను లూపు మీద పెట్టి, రెండూ తగలకుండా ఎంతదాకా తోయగలవో మెల్లగా తోసి చూడు. ఆగిన చోటు నుంచి ఇంకో వేలెడు వెనక్కి గుర్తు పెట్టి, అక్కడ రాయి పాతు. కోసిన పట్టా కూడా ఆ రాయికి లోపలే ఉండాలి, సింగరాయకొండ అబ్బాయ్ నువ్వు చూసుకో. ఆదివారం పొద్దున నేను కావలి వస్తున్నా, ప్లాట్‌ఫారం మీద నిలబడి అసలు రాయి ఎక్కడుందో ఇద్దరం చూద్దాం. పుస్తకం తెచ్చుకో.

కావలి_ఇంటర్ | కావలి

తప్పకుండా బాబాయ్ గారూ. రెండు ప్లాట్‌ఫారం టికెట్లు నేనే తీసి పెడతా.